ఇంటి వైఫైతో ఆన్‌లైన్ గేమ్: పింగ్ ఎగిరిపడకుండా ఏం చేయాలి

ఎదుటివాడి మీద గురి కుదిరే సమయానికి తెర ఒక్క క్షణం కదలకుండా నిలిచిపోతుంది. మళ్లీ కదిలేసరికి ఆట ముగిసి ఉంటుంది. అప్పుడు చాలామంది చేసే మొదటి పని ఆపరేటర్‌కు ఫోన్ చేసి 100 ఎంబీపీఎస్ ప్యాక్‌ను 200కు మార్పించుకోవడం. నెల బిల్లు పెరుగుతుంది, ఆట మాత్రం మునుపటిలాగే ఆగుతూ ఉంటుంది.

కారణం తేలికైనదే. బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ మ్యాక్స్, వాలరెంట్ వంటి ఆటలు నడుస్తున్నప్పుడు వాడుకునే డేటా చాలా తక్కువ. సాధారణంగా ఒక్క ఎంబీపీఎస్ కూడా పూర్తిగా ఖర్చు కాదు. మీరు ఎటు కదిలారు, ఎప్పుడు కాల్చారు అన్న కబురును చిన్న ప్యాకెట్లుగా సర్వర్‌కు పంపడం, అక్కడి నుంచి జవాబు తెచ్చుకోవడం, అంతే పని. ఆ రాకపోకలకు పట్టే సమయమే పింగ్. ఆ సమయం ఒకసారి 20, మరోసారి 150 మిల్లీసెకన్లుగా మారుతూ ఉంటే జిట్టర్ అంటారు. ప్యాకెట్ దారిలోనే మాయమైతే ప్యాకెట్ లాస్. ఆట చెడేది ఈ మూడింటి వల్ల. ఎప్పుడూ 45 దగ్గర నిలిచి ఉండే కనెక్షన్‌తో హాయిగా ఆడవచ్చు, 15కూ 150కీ మధ్య ఊగే కనెక్షన్‌తో ఆడలేం. పెద్ద ప్యాక్ పనికొచ్చేది గేమ్ డౌన్‌లోడ్ చేసేటప్పుడు, ఇంట్లో నలుగురూ వీడియోలు చూసేటప్పుడు.

(ఇక్కడ గేమ్ అంటే పై రకానివే. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ వంటివాటిని తెలంగాణ 2017లోనే చట్టం సవరించి నిషేధించింది. వాటికి పింగ్ తగ్గించే చిట్కాలు చెప్పే ఉద్దేశం నాకు లేదు.)

ముందు కొలవండి, తర్వాతే కొనండి

మీ ఫోను లేదా కంప్యూటర్ నుంచి గేమ్ సర్వర్ వరకు ఉన్న దారిని మూడు ముక్కలుగా చూడండి. మొదటిది మీ పరికరం నుంచి రూటర్ వరకు, అంటే ఇంట్లోని గాలి. రెండోది రూటర్ నుంచి ఆపరేటర్ వరకు, అంటే మీ వీధిలోని ఫైబర్. మూడోది అక్కడి నుంచి సర్వర్ వరకు. తప్పు ఏ ముక్కలో ఉందో తెలియకుండా కొత్త రూటర్ కొనడం, కంటి నొప్పికి కాలి మందు రాసినట్లే.

విండోస్ కంప్యూటర్ ఉంటే వెతికే పెట్టెలో సీఎండీ (cmd) అని కొట్టి నల్లటి కిటికీ తెరవండి. అందులో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి ఎంటర్ నొక్కితే డిఫాల్ట్ గేట్‌వే అన్న పేరు ఎదురుగా ఒక అంకెల వరుస కనిపిస్తుంది. అది మీ రూటర్ చిరునామా. 192.168.1.1 లేదా 192.168.0.1 కావచ్చు, కొన్ని కంపెనీల రూటర్లలో 192.168.29.1 ఉంటుంది. ఇప్పుడు పింగ్ అని టైప్ చేసి, ఖాళీ వదిలి ఆ చిరునామా, మళ్లీ ఖాళీ వదిలి మైనస్ గుర్తు, టి అక్షరం కొట్టండి. మీరు కంట్రోల్, సి నొక్కి ఆపేదాకా అది కొలుస్తూనే ఉంటుంది. పక్కన మరో కిటికీ తెరిచి ఇదే పని 8.8.8.8 చిరునామాకు చేయండి. అది గూగుల్ నడిపే డీఎన్ఎస్ (వెబ్‌సైటు పేరును అంకెల చిరునామాగా మార్చే) సర్వర్, ఇంటి బయటి దారిని చూడటానికి పనికొస్తుంది. ఫోను మాత్రమే ఉన్నవారు ప్లే స్టోర్‌లో దొరికే ఏదైనా ఉచిత పింగ్ యాప్‌తో ఈ రెండు కొలతలూ తీసుకోవచ్చు.

రెండు కిటికీలనూ పక్కపక్కన పెట్టి ఐదు నిమిషాలు చూడండి. రూటర్ పింగ్ 1 నుంచి 5 మధ్య ఉండి, ఎప్పుడో ఒకసారి కొంచెం పెరిగితే మీ వైఫై బాగున్నట్లే. పింగ్‌కు జవాబివ్వడాన్ని కొన్ని రూటర్లు చివరి పనిగా పెట్టుకుంటాయి కాబట్టి ఒంటరిగా కనిపించే పెద్ద అంకెను పట్టించుకోకండి. అదే మాటిమాటికీ 60, 120, 200 అని ఎగురుతుంటే, లేదా రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ అన్న వరుసలు వస్తుంటే తప్పు ఇంట్లోని గాలిలోనే ఉంది. ఆపరేటర్‌ను తిట్టి లాభం లేదు. రూటర్ పింగ్ కదలకుండా ఉండి 8.8.8.8 పింగ్ ఎగురుతుంటే తప్పు లైనులో ఉంది, లేదా మీ ఇంట్లోనే ఎవరో ఆ లైనును నింపేస్తున్నారు. రెండూ బాగుండి గేమ్‌లో చూపించే పింగ్ మాత్రం ఎక్కువగా ఉంటే, మీరు దూరపు సర్వర్‌ను ఎంచుకున్నారేమో సెట్టింగుల్లో చూడండి.

ఈ దూరం సంగతి చాలామంది తేలికగా తీసుకుంటారు. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. వరంగల్ నుంచి ముంబైకి దారి 850 కిలోమీటర్లు అనుకుంటే, వెళ్లి రావడానికి కాంతికే ఎనిమిదిన్నర మిల్లీసెకన్లు కావాలి. సింగపూర్ గీత గీసినట్లు కొలిచినా 3,200 కిలోమీటర్ల పైమాటే, అంటే 32 మిల్లీసెకన్లు. అసలు కేబుళ్లు వంకర దారుల్లో పోతాయి, మధ్యలో ఎన్నో పరికరాల దగ్గర ఆగుతాయి కాబట్టి నిజమైన అంకెలు దీనికంటే బాగా పెరుగుతాయి. వాలరెంట్‌కు ముంబైలో సర్వర్లున్నాయి. అక్కడ ఆడగలిగినప్పుడు సింగపూర్ ఎంచుకుని వైఫైని నిందించడం అన్యాయం. ఎంత ఖరీదైన రూటరైనా కాంతి కంటే వేగంగా పోదు.

కొలతలను రోజులో ఒకసారి తీసి వదిలేయకండి. తెల్లవారుజామున ఒకసారి, రాత్రి తొమ్మిది ప్రాంతంలో ఒకసారి తీసి అంకెలను కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం తర్వాత ఆపరేటర్‌తో మాట్లాడేటప్పుడు కావాలి.

వీలైతే తీగ వేయండి

వైఫై గురించి రాస్తూ తీగ వేయమంటున్నారేమిటని అనుకోవచ్చు. కానీ ఇంటి వైఫైలో గేమ్‌కు జరిగే అతిపెద్ద మేలు, గేమ్ ఆడే పరికరాన్ని వైఫై నుంచి తప్పించడమే. వైఫైలో ఒక చానల్ మీద ఒక సమయంలో ఒక్క పరికరమే మాట్లాడగలదు, మిగతావి ఆగాలి. మీ ఫోన్లే కాదు, పక్కింటి రూటర్ అదే చానల్‌లో ఉంటే దాని కోసం కూడా మీ ప్యాకెట్ ఆగుతుంది. ఈథర్నెట్ తీగలో ఈ వంతులు ఉండవు. రూటర్ పింగ్ ఒక్క మిల్లీసెకను లోపే ఉంటుంది, రాత్రయినా పగలయినా.

కంప్యూటర్, ప్లేస్టేషన్ వంటివాటికి తీగ గుచ్చే చోటు ఉంటుంది. ఫోనుకు కూడా దారి ఉంది: టైప్-సి నుంచి ఈథర్నెట్‌కు మార్చే చిన్న అడాప్టర్ చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పనిచేస్తుంది. కొనేముందు మీ ఫోనుకు ఓటీజీ (బయటి పరికరాలను ఫోనుకు గుచ్చుకునే) సదుపాయం ఉందో లేదో చూసుకోండి.

తీగ ఎంపికలో క్యాట్ 5ఇ చాలు, క్యాట్ 6 అయితే ఇంకా మంచిది. రెండూ 100 మీటర్ల వరకు ఒక గిగాబిట్‌ను మోస్తాయి. అంతకంటే పెద్ద అంకెలు రాసి ఉన్న కేబుల్ కోసం డబ్బు పోయకండి. చూడవలసింది లోపలి తీగ పూర్తి రాగిదా, రాగి పూత వేసిన అల్యూమినియందా అన్నది. రెండో రకం చవక, వంచితే విరుగుతుంది, క్లిప్పు దగ్గర పట్టు వదులుతుంది. దుకాణంలో చివర కొంచెం గీకి చూపించమనండి. లోపల తెల్లగా కనిపిస్తే వద్దనండి.

కింది అంతస్తులో రూటర్, పై అంతస్తులో మీ గది అయితే తీగను గోడ బయట నుంచి తీసుకెళ్లాల్సి వస్తుంది. దానికి బయట వాడే నల్లటి పూత ఉన్న కేబుల్ తీసుకోండి, లోపలి రకం మన ఎండకు పగిలిపోతుంది. గోడకు రంధ్రం వేసేటప్పుడు బయటి వైపుకు కొంచెం వాలుగా వేయించండి. తీగ లోపలికి వచ్చే ముందు కిందికి ఒక వంపు వేలాడేలా వదలండి. అప్పుడు వాన నీరు తీగ వెంట లోపలికి పాకకుండా ఆ వంపు దగ్గరే కారిపోతుంది. కరెంటు తీగలున్న పైపులోనే దీన్ని దూర్చకండి, పక్క పైపు పెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలిదుమారం, ఉరుములు మొదలైతే ఆ తీగను రెండు వైపులా పీకేయండి. బయట ఉన్న రాగి తీగ పిడుగు ఒత్తిడిని నేరుగా రూటర్ లోపలికి తెస్తుంది.

కొత్త కనెక్షన్ తీసుకునేవారికి ఒక మాట. ఆపరేటర్ పంపిన కుర్రాడు తన పని తొందరగా తేలాలని ఫైబర్ పెట్టెను వాకిలి దగ్గరే బిగించి పోతాడు. అప్పుడే అడిగి ఫైబర్‌ను నడి ఇంటికో, మీరు ఆడే గదికో తెప్పించుకోండి. ఫైబర్ పది మీటర్లు ఎక్కువ వేస్తే పోయేదేమీ లేదు, వైఫై రెండు గోడలు దాటాలంటే మాత్రం చాలా పోతుంది. ఆ సన్నని తీగను మూలల్లో నలిపి మడవకుండా, వదులుగా గుండ్రంగా చుట్టి పెట్టమనండి.

రూటర్ ఎక్కడ ఉండాలి

తీగకు వీలు లేనివాళ్లే ఎక్కువ. అద్దె ఇంట్లో గోడకు మేకు కొట్టడానికే ఇంటివాళ్లను అడగాలి, రంధ్రం మాట చెప్పనే అక్కర్లేదు. అలాంటప్పుడు రూటర్ చోటు మార్చడమే మొదటి వైద్యం, ఖర్చు లేనిది కూడా.

వరంగల్‌లో మట్టెవాడ, గిర్మాజీపేట వైపు పాత ఇళ్లలో గోడలు మందం, 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ రెండో గోడ దాటేసరికే నీరసిస్తుంది. హంటర్ రోడ్డు, నయీంనగర్ వైపు కొత్త ఇళ్లలో గోడలు పలుచన కానీ శ్లాబులో ఇనుప చువ్వల వల ఉంటుంది, కాబట్టి ఒక అంతస్తు నుంచి మరో అంతస్తుకు సిగ్నల్ కష్టంగా దిగుతుంది. ఏ ఇంట్లోనైనా ఇనుప బీరువా, ఫ్రిజ్, పెద్ద అద్దం, నీళ్ల ట్యాంకు సిగ్నల్‌కు శత్రువులే. ఇనుము వెనక్కి తిప్పి కొడుతుంది, నీరు మింగేస్తుంది.

రూటర్‌ను తల ఎత్తులో, నాలుగు వైపులా ఖాళీ ఉన్న చోట పెట్టండి. టీవీ వెనుక దాచడం, అలమారలో పెట్టి తలుపు మూయడం వద్దు. సిగ్నల్ సంగతి అలా ఉంచినా, ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో మూసిన అలమారలోని రూటర్ వేడెక్కి తనంతట తానే ఆగి మళ్లీ మొదలవుతుంది. బయటికి యాంటెన్నాలు ఉన్న రకమైతే వాటిని నిలువుగా ఉంచండి, సిగ్నల్ వాటి చుట్టూ అడ్డంగా పరుచుకుంటుంది. పై అంతస్తుకు కావాలంటే ఒకదాన్ని అడ్డంగా వంచండి.

మీరు ఆడే చోట కూర్చుని వైఫై అనలైజర్ రకం యాప్‌లో బలం చూడండి. అది డీబీఎం అన్న కొలతలో, మైనస్ అంకెల్లో ఉంటుంది. సున్నాకు ఎంత దగ్గరైతే అంత మంచిది. మైనస్ 50 దగ్గర ఉంటే చాలా బాగున్నట్లు, మైనస్ 67 వరకు గేమ్‌కు ఫరవాలేదు, మైనస్ 75 దాటితే కుర్చీనో రూటర్‌నో జరపాల్సిందే.

సిగ్నల్ అందడం లేదని వెంటనే రిపీటర్ కొనేవారు చాలామంది. గేమ్‌కు అది సాధారణంగా చెడే చేస్తుంది. ప్రతి ప్యాకెట్టునూ విని మళ్లీ గాలిలోకే చెప్పాలి కాబట్టి ఆలస్యం పెరుగుతుంది, వేగం సగానికి పడిపోతుంది. వీడియోలు చూడటానికి రిపీటర్ సరే. పై గదిలో గేమ్ ఆడాలంటే కింది నుంచి ఒక్క తీగ వేసి, పైన రెండో రూటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా (తీగ మీద వచ్చిన నెట్‌ను వైఫైగా ఇచ్చే పెట్టెగా) పెట్టుకోండి. పాత రూటర్ ఒకటి ఇంట్లో పడి ఉంటే ఆ పనికి అదే చాలు.

బ్యాండు, చానల్

ఇప్పటి రూటర్లలో 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బ్యాండ్లు ఉంటాయి. చాలా రూటర్లు రెండింటికీ ఒకే పేరు పెట్టి, ఫోనును తమకు తోచిన దానికి మారుస్తాయి. ఆట మధ్యలో ఆ మార్పు జరిగితే ఒక క్షణం అంతా ఆగుతుంది. అందుకని రూటర్ చిరునామాను బ్రౌజర్‌లో కొట్టి లోపలికి వెళ్లండి, పాస్‌వర్డు సాధారణంగా రూటర్ అడుగున అంటించి ఉంటుంది. వైర్‌లెస్ విభాగంలో బ్యాండ్ స్టీరింగ్ లేదా స్మార్ట్ కనెక్ట్ అన్నది ఆపండి. రెండు బ్యాండ్లకు వేర్వేరు పేర్లు పెట్టండి. గేమ్ ఆడే ఫోనులో 2.4 పేరును మర్చిపొమ్మని చెప్పి 5 పేరును మాత్రమే ఉంచండి.

5 ఎందుకు మంచిది? 2.4లో జనం ఎక్కువ, చోటు తక్కువ. అందులో ఒకదానితో ఒకటి తగలని చానళ్లు మూడే: 1, 6, 11. కిషన్‌పుర, నయీంనగర్ హాస్టళ్ల నడుమ యాప్ తెరిచి చూస్తే ఆ మూడు చానళ్ల మీదా పేర్లు ఒకదానిమీద ఒకటి ఎక్కి కనిపిస్తాయి. వీటికి తోడు బ్లూటూత్ అదే బ్యాండులో ఉంటుంది, మైక్రోవేవ్ ఓవెన్ కూడా 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది. గోడల వల్ల 2.4 తప్పనిసరైతే, ఆ మూడింటిలో రద్దీ తక్కువ ఉన్న చానల్‌ను ఎంచుకుని వెడల్పును 20 మెగాహెర్ట్జ్‌కు పెట్టండి. ఖాళీగా ఉంది కదా అని 3కో 8కో పోతే రెండు వైపుల గోలా మీకే తగులుతుంది.

5 గిగాహెర్ట్జ్‌లో 36 నుంచి 48 వరకు, లేదా 149 నుంచి 161 వరకు ఉన్న చానళ్లలో ఒకటి పెట్టుకోండి. మధ్యలోని 52 నుంచి 144 వరకు ఉన్నవి రాడార్లతో పంచుకునేవి. రాడార్ వినిపించిందని రూటర్ అనుకుంటే ఉన్నపళంగా ఆ చానల్ వదిలి వెళ్లిపోతుంది, మీ ఆట దానితోపాటే. ఆటో అన్న ఎంపిక ఉంచితే ఎప్పుడు ఎటు దూకుతుందో మీకు తెలియదు, చేత్తో పెట్టడమే మేలు. వెడల్పు 80 ఉంటే వేగం ఎక్కువ, 40 ఉంటే నిలకడ ఎక్కువ. చుట్టూ ఇళ్లు దగ్గరగా ఉంటే గేమ్‌కు 40 చాలు.

పాస్‌వర్డు సంగతి ఒక్క వాక్యంలో: భద్రత రకం డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 పెట్టి, డబ్ల్యూపీఎస్ (బటన్ నొక్కి కలిపే సదుపాయం) ఆపి, పాత పాస్‌వర్డు మార్చండి. గత అద్దెవాళ్ల ఫోన్లు ఇంకా మీ వైఫైలోనే ఉండవచ్చు.

ఎనుమాముల గేటు దగ్గరి వరుస

ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు పింగ్ 20, అందరూ ఇంటికొచ్చాక 250. దీని వెనుక ఉన్నది చాలావరకు ఒకే కారణం, దాని పేరు బఫర్‌బ్లోట్. మిర్చి సీజనులో వరంగల్ ఎనుమాముల మార్కెట్ గేటు ముందు బస్తాల బండ్లు వరుస కట్టినప్పుడు, జేబులో చీటీ పెట్టుకుని వచ్చిన మోటారు సైకిల్ మనిషి కూడా ఆ వరుస కదిలేదాకా ఆగాల్సిందే. అతని బరువెంత అన్నది ఎవరూ అడగరు. మీ గేమ్ ప్యాకెట్ ఆ మోటారు సైకిల్. అక్క ఫోను నుంచి డ్రైవ్‌లోకి ఎక్కుతున్న పెళ్లి వీడియో ఆ బండ్ల వరుస. రూటర్ ఏ ప్యాకెట్టునూ పారేయకుండా అన్నింటినీ వరుసలో నిలబెడుతుంది, అక్కడే మీ సమయం కరిగిపోతుంది.

పరీక్ష ఇలా చేయండి. 8.8.8.8కు పింగ్ నడుస్తుండగా వేరే ఫోనుతో స్పీడ్ టెస్ట్ పెట్టండి. డౌన్‌లోడ్ జరిగేటప్పుడు, అప్‌లోడ్ జరిగేటప్పుడు పింగ్ ఎంత పెరిగిందో విడివిడిగా చూడండి. 20, 30 పెరిగితే ఫరవాలేదు. వందలు పెరిగితే మీ జబ్బు ఇదే.

మందు రూటర్ సెట్టింగుల్లో ఉంటుంది. ప్యాకెట్ల వరుసను అదుపు చేసే క్యూఓఎస్ లేదా ఎస్‌క్యూఎం అన్న విభాగం వెతకండి. రెండోది ఉంటే అదృష్టం. ఎఫ్‌క్యూ కోడెల్, కేక్ అన్న పద్ధతుల్లో అది ఒక్కొక్కరి ప్యాకెట్లను విడి వరుసలుగా చేసి చిన్నవాటిని ముందుకు పంపుతుంది. అక్కడ మీ లైను వేగాన్ని ఉన్నదానికంటే కొంచెం తక్కువగా రాయాలి. స్పీడ్ టెస్టులో 100 వస్తే 85 లేదా 90 అని పెట్టండి, అప్‌లోడ్‌కూ అదే లెక్క. వేగంలో పదో వంతు వదులుకుంటే వరుస ఆపరేటర్ పరికరంలో కాకుండా మీ రూటర్‌లో, మీ అదుపులో ఉంటుంది. నా దృష్టిలో ఈ వ్యాసం మొత్తంలో తీగ తర్వాత అంత విలువైన పని ఇదే.

ఆపరేటర్ ఇచ్చిన పెట్టెలో ఆ విభాగం ఉండకపోవడం మామూలు. అప్పుడు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రూటర్ల కోసం ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్) ఎక్కించగల రూటర్ ఒకటి కొనుక్కోండి, లేదా ఇంట్లో ఒప్పందం చేసుకోండి. ఫొటోల బ్యాకప్‌ను రాత్రి ఫోను చార్జింగ్‌లో ఉన్నప్పుడు మాత్రమే జరిగేలా పెట్టడం, ప్లే స్టోర్ ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపడం, కంప్యూటర్ గేమ్‌లు అమ్మే స్టీమ్‌లో డౌన్‌లోడ్ వేగానికి పరిమితి పెట్టడం. వాకిట్లో బిగించిన క్లౌడ్ కెమెరాను మర్చిపోకండి, అది ఇరవైనాలుగు గంటలూ వీడియోను పైకి పంపుతూ ఉండవచ్చు. దాన్ని మెమరీ కార్డు మీద రికార్డు చేసేలా మార్చితే అప్‌లోడ్ ఖాళీ అవుతుంది.

గేమింగ్ రూటర్ అని ఎనిమిది కొమ్ములతో, ఎర్ర దీపాలతో అమ్మేవాటి గురించి చాలామంది అడుగుతారు. ఆ ధరలో సగానికి వైఫై 6 ఉన్న మామూలు రూటరూ, ముప్పై మీటర్ల మంచి రాగి తీగా వస్తాయి. వైఫై 6లో ఒకేసారి పలు పరికరాలతో మాట్లాడే ఏర్పాటు ఉంది కాబట్టి, మనుషులు ఎక్కువున్న ఇంట్లో అది నిజంగా పనికొస్తుంది. దీపాలు పనికిరావు.

ఫోనులో, కంప్యూటర్‌లో

ఆండ్రాయిడ్ ఫోను లొకేషన్ సెట్టింగుల్లో వైఫై స్కానింగ్ అన్నది ఆపండి, బ్యాటరీ సేవర్ కూడా. ఆడుతుండగా ఫోను చుట్టూ ఉన్న నెట్‌వర్కులను వెతికితే ఆ కాసేపు మీ ప్యాకెట్లు ఆగుతాయి. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పక్కన పెట్టి తీగ ఉన్న ఇయర్‌ఫోన్లు వాడండి. బ్లూటూత్‌లో శబ్దమే ఒక సెకనులో పదో వంతో అంతకంటే ఎక్కువో ఆలస్యంగా వస్తుంది, అడుగుల చప్పుడు వినేసరికి మనిషి వచ్చేసి ఉంటాడు. ఇక పింగ్ తగ్గిస్తామనే బూస్టర్ యాప్‌లతో మామూలుగా ఒరిగేదేమీ లేదు. డీఎన్ఎస్ మార్చితే సర్వర్ పేరు వెతికే పని కొంచెం వేగమవుతుందేమో కానీ, ఆట మొదలయ్యాక దానికి పాత్ర లేదు.

స్నేహితుడితో గది కలవడం లేదు, మాటలు వినిపించడం లేదు, నాట్ టైప్ స్ట్రిక్ట్ అని వస్తోంది అంటే రూటర్‌లో యూపీఎన్‌పీ (గేమ్ తనకు కావలసిన దారిని తానే తెరుచుకునే ఏర్పాటు) ఆన్ చేసి చూడండి. తగ్గకపోతే రూటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ (ఆపరేటర్ మీ రూటర్‌కు ఇచ్చిన చిరునామా) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే ఆపరేటర్ చాలా ఇళ్లకు ఒకే చిరునామా పంచుతున్నాడని అర్థం. పోర్ట్ ఫార్వర్డింగ్ చేసినా, అంటే ఆ దారిని చేత్తో తెరిచినా ఫలితం ఉండదు. ఐపీవీ6 (కొత్త తరం చిరునామా) ఇమ్మనండి, లేదా డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ (మీకే కేటాయించిన, మారని చిరునామా) తీసుకోండి.

కరెంటు పోయినప్పుడు

ఇన్వర్టర్ ఉంది కదా అనుకుంటాం. కరెంటు నుంచి ఇన్వర్టర్‌కు మారే ఆ రెప్పపాటులో ఫ్యాను ఆగదు కానీ కొన్ని రూటర్లు ఆగి మళ్లీ మొదలవుతాయి, అవి తేరుకునేసరికి రెండు నిమిషాలు గడుస్తాయి. ఆ లోపు ర్యాంకు పోతుంది. దీనికి రూటర్ల కోసం అమ్మే చిన్న డీసీ యూపీఎస్ ఉత్తమం. కొనేముందు రూటర్ అడాప్టర్ మీద రాసి ఉన్న వోల్టులు, ఆంపియర్లు చూడండి, ఎక్కువగా 12 వోల్టులు ఉంటుంది. వోల్టులు సరిగ్గా కలవాలి, ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉండాలి. ఫైబర్ పెట్టె, రూటర్ విడివిడిగా ఉంటే రెండింటికీ పెట్టాలి. జీపాన్ (ఒకే ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచే పద్ధతి) ఫైబర్‌లో ఆపరేటర్ ఆఫీసుకూ మీ ఇంటికీ మధ్య కరెంటు అక్కర్లేదు, అందుకే వీధంతా చీకటైనా నెట్ ఉంటుంది. స్తంభం మీద స్విచ్చు పెట్టి తీగలు లాగిన లోకల్ కనెక్షన్‌కు ఆ సుఖం లేదు.

ఆపరేటర్‌తో మాట్లాడటం

ఫోన్ చేసి "అన్నా, నెట్ నెమ్మదిగా ఉంది" అంటే, "రూటర్ ఆపి ఆన్ చేయండి" అన్న జవాబే వస్తుంది. రాసుకున్న కాగితం ఇప్పుడు తీయండి. "రూటర్ వరకు తీగ మీద పింగ్ 1 ఉంది, 8.8.8.8కు తెల్లవారుజామున 18, రాత్రి తొమ్మిదికి 140, వందలో ఐదు ప్యాకెట్లు పోతున్నాయి" అని చెప్పండి. ఇలా అంకెలతో మాట్లాడేవారిని పక్కన పెట్టడం కష్టం. రాత్రిళ్లు మాత్రమే పెరుగుతుంటే ఆపరేటర్ పైనుంచి తెచ్చుకునే లైను చాలడం లేదని అర్థం, మీ ప్యాక్ పెంచితే అది తగ్గదు.

ఏ వేళనైనా ప్యాకెట్లు పోతుంటే ఫైబర్ పెట్టెలో ఆప్టికల్ పవర్ అంకె చూడమనండి, రూటర్ పేజీలో మీరే చూడవచ్చు. జీపాన్‌లో అది మైనస్ 8, మైనస్ 27 డీబీఎం మధ్య ఉండాలి. మైనస్ 27 దాటితే తీగ ఎక్కడో నలిగింది లేదా కనెక్టర్‌లో దుమ్ము చేరింది. ఎల్ఓఎస్ అన్న దీపం ఎర్రగా వెలిగితే తీగ తెగినట్లే. మన ఊళ్లలో కోతుల గుంపు మేడల మీద తీగలు పట్టుకుని ఊగడం కొత్త కాదు కాబట్టి, డాబా మీదికెక్కి చూస్తే కారణం అక్కడే దొరకవచ్చు.

ఆపరేటర్ ఒప్పుకోకపోతే అదే సమయంలో మొబైల్ డేటాతో అదే గేమ్ సర్వర్‌కు పింగ్ చూడండి. రాత్రి తొమ్మిదికి మొబైల్‌లో 50, ఇంటి లైనులో 140 వస్తే తేడా ఆపరేటర్ వైపే ఉంది. ఆపరేటర్‌ను మార్చేటప్పుడు, తక్కువ ధరకు వస్తుందని కొత్త కనెక్షన్‌కు ఆరు నెలల ప్యాక్ ఒకేసారి కట్టకండి. అదే వీధిలో ఆ కనెక్షన్ ఉన్నవారి ఇంట్లో రాత్రి వేళ ఒకసారి పింగ్ చూసి, నెల ప్యాక్‌తో మొదలుపెట్టండి. పాత కనెక్షన్‌ను ఆ నెల పూర్తయ్యేదాకా తీసేయకండి.